విచారణ అయ్యేదాకా మాట్లాడొద్దు

ఆ రోజు లిఫ్టు మెకానిక్‌కి లేని పెళ్ళాం ఒకతె ఉంది. వచ్చే నెల వస్తుందని చెప్పగానే ఇంటి ఓనరు మురిసిపోయి, మేడమీద వాటా తలుపులన్నీ తీసి చూపించాడు. నిదానంగా ఆలోచించుకొని చెప్పమన్నాడు.

అదంతా నాటకమే. మొగుడు తోడులేని ఆడదానికి ఇల్లివ్వననడం చట్టప్రకారం తప్పు. కానీ ఏ ఓనరైనా ఆ మాట పైకి ఒప్పుకుంటాడా? పిల్లతో వచ్చిన ఒక నర్సుని ఇతను గుమ్మంలోంచే పంపేశాడు. అది రుజువు చేయడానికే అద్దెదారుల సంఘంలోని లాయరక్క ఒకే ఇంటికి ఇద్దర్ని విడివిడిగా పంపింది, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా.

బయట వాన. మెకానిక్ ఇల్లు చూసి దిగొచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. ఒకమ్మాయి అతన్ని దాటుకొని పైకి వెళ్ళింది, వెళ్ళినంత వేగంగానే దిగింది. ముఖం కందిపోయి ఉంది.

"ఇల్లు కుదర్లేదా అండీ?"

"ఎవరో మొగుడూపెళ్ళాలకి ఇచ్చేశారట. పిల్లతో ఒక్కదాన్నే ఉంటానన్నాను, అంతే, తలుపేశారు."

అతనికి ఒళ్ళు మండింది. నిజం చెబుదామంటే, ఎవరికీ చెప్పనని లాయరక్కకి ఇచ్చిన మాట అడ్డం. ఏం చేయాలో తోచక గొడుగు చాపాడు. "ఇది తీసుకోండి. తడిసిపోతారు."

"మీరూ ఇల్లు చూడ్డానికే వచ్చారా? ఆ మొగుడు మీరేనా?" ఆమె కిందికీ మీదికీ చూసింది. "మీ ఆవిడకి దాచుకోండి."

వానలో చరచరా వెళ్ళిపోయింది. పాపం, అతను గొడుగు చాపిన చెయ్యి అలాగే ఉంచుకొని నిలబడ్డాడు.

ఇద్దరి వాంగ్మూలాలూ తీసుకున్నాకే లాయరక్క వాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టింది. "ఈమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. మన రెండో మనిషి."

"మీకు పాప లేదా?" అన్నాడతను.

"మీకు పెళ్ళవలేదా?" అందామె. అని, నవ్వాపుకోలేకపోయింది.

"నవ్వులు చాలించండి," అంది లాయరక్క. "విచారణ అయ్యేదాకా మీరిద్దరూ కలవొద్దు, ఫోన్లొద్దు. కూడబలుక్కున్నారని అవతలి లాయరు అన్నాడంటే కేసు గోవిందా. ఆ నర్సు కూతుర్ని పెట్టుకొని చెల్లెలింటి హాల్లో పడుకుంటోంది. గుర్తుంచుకోండి."

గుర్తుంది కాబట్టే అతనికి నిలకడ లేకుండా పోయింది. విచారణేమో వాయిదా మీద వాయిదా. కళ్ళజోళ్ళ షాపు కనబడితే రోడ్డు దాటి అవతల నడిచేవాడు, అవతలికెళ్ళి మెడ తిప్పి చూసేవాడు. ఇంట్లో అన్నం కూడా నిలబడే తినేవాడు.

"కూర్చుంటే కుర్చీ కరుస్తుందిరా?" అని తల్లి కసిరింది.

చివరికి విచారణ జరిగింది. ముందు ఆ అమ్మాయి తడబడకుండా చెప్పింది. తర్వాత అతను. అవతలి లాయరు అతన్ని ఎగాదిగా చూసి, "ఆ అమ్మాయికీ మీకూ మధ్య ఏమైనా ఉందా?" అన్నాడు.

లేదంటే ప్రమాణం చేసి అబద్ధమాడినట్టు. ఉందంటే నర్సు నోటి దగ్గర కూడు లాగేసినట్టు. వెనక బెంచీలో ఆ తల్లీకూతుళ్ళు అతన్నే చూస్తున్నారు.

"ఆవిడ సంగతి నాకు తెలీదు సార్. నాకైతే ఉంది."

అందరూ గొల్లున నవ్వారు. లాయరక్క తల పట్టుకుంది. విచారణాధికారి మాత్రం నవ్వలేదు.

"ఎప్పటినుంచి?"

"ఇల్లు లేదనిపించుకొని ఆవిడ మెట్లు దిగినప్పటినుంచండి. అంతకుముందు ఆవిడెవరో కూడా తెలీదు. అప్పటికే ఓనరుగారు నాకు ఇల్లు చూపించేశారు, ఆవిడకి లేదని చెప్పేశారు."

"తర్వాత మాట్లాడుకున్నారా?"

"లాయరక్క గదిలో ఒక్క ముక్కండి. వాంగ్మూలాలు ఇచ్చాక. ఆపైన ఏమీ లేదు. అదే నా బాధ."

ఈసారి అధికారి కూడా నవ్వాపుకోలేకపోయాడు. సాయంత్రానికి తీర్పొచ్చింది: ఆ వాటా నర్సుకే ఇవ్వాలి. ఆవిడ లాయరక్క చేతులు పట్టుకొని ఏడ్చేసింది. పిల్ల మాత్రం మేడ మీదికి ఎన్ని మెట్లున్నాయని మెకానిక్‌ని అడిగింది.

బయట మళ్ళీ వాన. కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి మెట్ల కింద నిలబడి ఉంది. అతను గొడుగు చాపాడు.

"అందరిముందూ అలా అనేశాను. ఏమీ అనుకోకండి."

"అనుకుంటున్నాను," అంటూ ఆమె గొడుగు కిందికి వచ్చింది. "ఆ లాయరు నన్నెందుకు అడగలేదా అని."

"అడిగుంటే?"

"నేనూ ప్రమాణం చేశాను కదండీ. నిజమే చెప్పేదాన్ని."