కనకరత్నంగారి ఉప్పు జాడీ

గొడవ చింతపండు దగ్గర మొదలైంది.

కార్తీకమాసం రెండో ఆదివారం వనభోజనాలు. కనకరత్నంగారి కొడుకులు, కోడళ్లు, వియ్యాలవారు, వాళ్ల తాలూకు చుట్టాలు అంతా కలిపి ఎనభై మంది. కొత్తపేట అవతల కాలవగట్టు పక్కనున్న ఆవిడ కొబ్బరితోటలో, ఉసిరిచెట్టు కింద ఏటా జరిగే వేడుకే. ఎవరింటివాళ్లు ఏం వండాలో నాలుగు రోజుల ముందే ఆవిడ వీధరుగు మీద చేరి పంచుకుంటారు. 2003లో ఆ పంపకాల కాగితం రాసే పని సాయిదుర్గకి వచ్చింది. ఆ ఇంటి చిన్నకోడలు భవానీదేవికి మేనకోడలామె. అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది. గళ్లు గీసి, పేర్లు రాసి, అయిన పనికల్లా టిక్కు పెట్టడమంటే ఆ పిల్లకి మహా సరదా.

పనసపొట్టు కూర పెద్దకోడలు రాజ్యలక్ష్మికి, ముక్కల పులుసు భవానీదేవికి, బూరెలు వియ్యాలవారికి అని తేలింది. తీరా సరుకులు ఎంతెంత అని అడిగితే అందరిదీ ఒకటే సమాధానం, ఉరామరిగా, చేతి అంచనాతో వేస్తామని. గడిలో ఉరామరి అని రాయడం కుదరదని సాయిదుర్గ పట్టుబట్టింది. చివరికి భవానీదేవి విసుక్కుని చింతపండు నాలుగు కిలోలు రాసుకోమంది.

"నాలుగు కిలోలు వేస్తే ఎనభై మందికీ పళ్లు పులిసిపోతాయండి. పులుసుకీ పులిహోరకీ కలిపి రెండు చాలు."

సాయిదుర్గ తలెత్తింది. స్తంభానికి ఆనుకుని టీ తాగుతున్న మనిషి రాజ్యలక్ష్మి కొడుకు భాస్కర్. దోహా నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చాడు. అక్కడ సూపర్వైజరని ఊరంతా చెప్పుకుంటారు. చిన్నప్పుడెప్పుడో పెళ్లిళ్లలో చూడ్డమే తప్ప ఇద్దరూ ఎదురుగా మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"మగవాళ్ల గడి వేరే ఉందండి బావగారూ. కొబ్బరి కోరడం, గుండిగలు మొయ్యడం. మీ సలహా అక్కడ చెప్పండి."

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. భాస్కర్ నోరు ఊరుకోలేదు. అన్నానికి బియ్యం పది కిలోలు, పులిహోరకి నాలుగు, పప్పు అయిదు, బెల్లం ఇంత, నూనె అంత అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు. సాయిదుర్గ కిమ్మనకుండా అన్నీ రాసుకుంది. రాసుకున్నాక పెన్ను మూత పెట్టి నింపాదిగా అడిగింది.

"దోహాలో సూపర్వైజర్లు పప్పులు కూడా కొలుస్తారాండీ?"

భాస్కర్‌కి టీ పొలమారింది. స్టోరు కూడా తనే చూస్తానని ఏదో గొణిగాడు. అంతలో పిల్ల తుపానులా జల్లు అరుగు మీదికి విసిరికొట్టింది. ఆడవాళ్లు చీరలు సర్దుకుని లోపలికి పరిగెత్తారు. సాయిదుర్గ మాత్రం కాగితం మీదికి వంగి ఇంకా ఏదో రాస్తోంది. భాస్కర్ పక్కనున్న స్టీలు పళ్లెం తీసి ఆ కాగితానికి గొడుగు పట్టాడు. అప్పటికే రెండు చుక్కలు పడి ఇంకు చెదిరింది. ఆమె అతని వంకా, పళ్లెం వంకా ఒకసారి చూసి, రాసింది మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఆ చూపు తర్వాత భాస్కర్‌కి ఆ పూట భోజనం సయించలేదు.

అసలు సంగతేమిటంటే, భాస్కర్ సూపర్వైజర్ కాడు. దోహాలో ఒక లేబర్ క్యాంపు మెస్సులో వంటవాడు. రోజూ ఏడొందల మందికి వండుతాడు. జీతం బాగానే వస్తుంది, పనంటే ప్రాణం కూడాను. కానీ పెళ్లి సంబంధాల దగ్గర వంటవాడంటే ఎవరు పిల్లనిస్తారని తల్లి రాజ్యలక్ష్మి ఊరంతా సూపర్వైజరని చాటేసింది. అది విని ముచ్చటపడ్డవాళ్లలో కొబ్బరి వ్యాపారం చేసే సోమేశ్వరరావు ఒకడు. ఆయన సాయిదుర్గ తండ్రి. వనభోజనాల్లో కుర్రాణ్ణి దగ్గరగా చూసి మాటాడుకుందామని కబురు పంపాడు. వనభోజనాల తర్వాత వచ్చే శుక్రవారం భాస్కర్ ఫ్లైటు. ఆదివారం ఒక్కటీ గట్టెక్కితే చాలని తల్లి దేవుళ్లందరికీ మొక్కుతోంది.

ఇంతకుముందు ఆ అబద్ధం భాస్కర్‌ని పెద్దగా బాధపెట్టలేదు. ఇప్పుడు నిద్రపట్టనివ్వడం లేదు.

గురువారం సరుకులకి అమలాపురం వెళితే సాయిదుర్గ కాగితం పట్టుకుని బజార్లోనే కలిసింది. సంచులు అందుకుంటుంటే అతని ముంజేతి మీద పొడుగాటి కాలిన మచ్చ ఆమె కళ్లబడింది. ఏమైందని అడిగింది. మెషీన్ తగిలిందన్నాడు. ఏ మెషీనని అడిగింది. నూనె బాణలి అని చెప్పడానికి నోరు తెరిచి, పెద్ద మెషీనని మాత్రం అనగలిగాడు. ఆమె మొహంలో నవ్వు తగ్గిపోయింది. ఎవరి మీదో కాదు, తనమీద తనకే ఒళ్లు మండింది అతనికి.

ఆదివారం తెల్లవారేసరికి తోటలో పొయ్యిలు వెలిగాయి.

ఆ ఇంటి వనభోజనాలకి ఒక పద్ధతుంది. వంట ఎవరు చేసినా ఉప్పు మాత్రం కనకరత్నంగారే వెయ్యాలి. ఎప్పుడో తోడికోడళ్లు కూరల దగ్గర మాటామాటా అనుకున్నప్పుడు, మంచైనా చెడైనా నాదేనని ఆవిడ ఉప్పు జాడీ చేతిలోకి తీసుకుంది. నలభై ఏళ్లుగా ఆ జాడీ ఆవిడదే. ఉసిరిచెట్టు కింద దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎవరూ ఏదీ రుచి చూడకూడదు. ఆవిడ చెయ్యి ఒక్కనాడూ తప్పలేదు. కానీ ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. అత్తగారికి మతిమరుపు ముదిరింది, ఇంక ఆ జాడీ దింపిస్తే మేలని భవానీదేవి రెండేళ్లుగా గొణుగుతూనే ఉంది. ఆవిడ చెవిన పడకుండా మాత్రం కాదు.

పదకొండు గంటలకి భాస్కర్ కొబ్బరి కోరుతూ చూస్తుండగా కనకరత్నం మామ్మ పులుసు గుండిగ దగ్గరికొచ్చి, గుప్పిళ్లతో ఉప్పు వేసి, దణ్ణం పెట్టుకుని వెళ్లింది. భవానీదేవి దీపాలు సర్దే పనిలో అవతలుంది. సాయిదుర్గతో మాట కలపడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదని భాస్కర్ లేచి వెళ్లాడు.

"పులుసుకి ఉప్పు పడిందండి. టిక్కు పెట్టుకోండి."

"అరగంట కిందటే పెట్టేనండి. నా ఎదురుగానే వేసేరు."

అంటే మామ్మ రెండుసార్లు వేసిందన్నమాట. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది.

భవానీదేవికి తెలిస్తే ఎనభై మంది ముందు రచ్చవుతుంది. మామ్మ ఈ వయసులో మతిమరుపన్న మాట పడాలి. చెప్పకపోతే పులుసు నోట పెట్టలేరు, అప్పుడూ ఆ మాటే. సాయిదుర్గ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదైనా చెయ్యగలరా అని అడిగింది. బావగారూ అనలేదు, సూపర్వైజర్ గారూ అనలేదు.

చెయ్యగలడు. అది అతనికి మంచినీళ్లు తాగినంత పని. కానీ గరిటె పట్టి నాలుగు నిమిషాలు నిలబడితే చాలు, తనేమిటో అందరికీ తెలిసిపోతుంది. పది గజాల దూరంలో సోమేశ్వరరావు పీట మీద కూర్చుని, ఏదో సంబంధం లేని కబురు చెబుతూ తననే గమనిస్తున్నాడు. చెట్టు కింద మామ్మ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటోంది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ చేత్తోనే తనకి చారన్నం తినిపించింది.

"గుండిగ రెండోది కావాలి. ఎందుకని అడిగితే ఏం చెప్తారు?" అన్నాడు.

సాయిదుర్గ కాగితం పైకెత్తి, అందరికీ వినపడేలా, తను లెక్క తప్పానని చెప్పింది. వచ్చేది ఎనభై మంది కాదట, వందమందట, పులుసు చాలదట. అంత చక్కగా గళ్లు గీసిన పిల్ల ఇంత తప్పు చేస్తుందని ఎవరనుకుంటారు! మేనకోడల్ని భవానీదేవి చెడామడా తిట్టింది. ఆ పిల్ల తలొంచుకుని మాటలు పడింది.

భాస్కర్ లుంగీ ఎగ్గట్టాడు. అక్కణ్ణుంచి అతని గొంతే మారిపోయింది. సగం పులుసు రెండో గుండిగలోకి వంపించాడు. ఒకరిని గుమ్మడికాయ తరగమన్నాడు, ఒకరిచేత చిలగడదుంపలు ఉడికించాడు, చింతపండు మళ్లీ పిసికించాడు. పాతిక కాయల కొబ్బరి కోరించి పాలు తీయించాడు. కోరాము పట్టుకున్నవాళ్లలో సోమేశ్వరరావు కూడా ఉన్నాడు. తనకి పని పురమాయించింది కాబోయే అల్లుడేమోనన్న సంగతి ఆయనకి తీరిగ్గా తట్టింది. రెండు గుండిగల్లోనూ ఉప్పులేని ముక్కలు, పులుపు, బెల్లం సమంగా పడ్డాయి. చివర్న మంట తగ్గించి కొబ్బరిపాలు పోసి, గరిటె మీంచి జారే తీరు చూసి చాలన్నాడు. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు.

అప్పుడు మామ్మ జాడీతో వచ్చింది. కొత్తగా కలిపారు కదా, ఉప్పు వెయ్యొద్దా అంది. సాయిదుర్గ కాగితం చూపించి, టిక్కు పడిపోయింది మామ్మగారూ అంది. ఆవిడ ఆ టిక్కు వంక చాలాసేపు చూసి, జాడీ మూత పెట్టి వెళ్లిపోయింది.

సోమేశ్వరరావు చేతికంటిన కొబ్బరి దులుపుకుంటూ దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఇది సూపర్వైజర్ల చెయ్యిలా లేదే."

రాజ్యలక్ష్మి అవతల్నించి కళ్లతోనే బతిమాలింది. భాస్కర్ గరిటె కింద పెట్టాడు.

"కాదండి. వంటవాణ్ణి. క్యాంపు మెస్సులో రోజూ ఏడొందల మందికి వండుతానండి. మీకు చెప్పింది అబద్ధం. అమ్మ చెప్పినా నేను కాదనలేదు కాబట్టి తప్పు నాదేనండి."

సోమేశ్వరరావు ఆయ్ అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ ఒక్క ముక్కలోంచి మంచీ చెడూ రెండూ తీయొచ్చు. భాస్కర్ చెడే తీసుకున్నాడు. సాయిదుర్గ వంక చూసే ధైర్యం కూడా లేకపోయింది.

నైవేద్యం అయింది. అరిటాకులు వేశారు. భాస్కర్ పులుసు బకెట్ పట్టుకుని బంతిలో వడ్డించాడు. మొదటి ముద్ద ఎవరు ఎలా మింగుతారోనని మొహాలు చూస్తూ నడిచాడు. ఎవరూ మొహం చిట్లించలేదు, తిన్నారు. తర్వాత పులుసు ఇటు, పులుసు ఇటు అని కేకలు మొదలయ్యాయి. భవానీదేవి తన చేతి రుచే వేరని పక్కావిడకి చెప్పుకుంటోంది. ఆ వంద మందీ ఏరని అడగడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. సోమేశ్వరరావు మూడోసారి ఆకు మీద గుంట చేసి చూపించాడు. పొయ్యగానే తలెత్తకుండా తిన్నాడు.

ఆఖరి బంతి లేచాక మామ్మ ఇద్దర్నీ ఉసిరిచెట్టు కిందికి పిలిచింది.

"రెండుసార్లు వేసేను కదూ?" అంది మెల్లిగా.

ఆవిడకి జవాబు అక్కర్లేకపోయింది. నవ్వబోయి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత అందరూ చూస్తుండగా జాడీ తీసి సాయిదుర్గ ముందు నేల మీద పెట్టింది. ఉప్పు చేతిలోంచి చేతికి ఇచ్చుకుంటే పోట్లాటలొస్తాయని అక్కడ అందరికీ భయం. కింద పెట్టాలి, కావలసినవాళ్లు తీసుకోవాలి.

ఆ జాడీ ఆ ఇంటి కోడలికే చెందుతుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. రాజ్యలక్ష్మి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భాస్కర్ నేల వంకే చూస్తున్నాడు. ఆమె వంగి తీసుకోకపోతే, శుక్రవారం ఫ్లైటెక్కాక తిరిగి రావాలన్న కోరికే తనకి ఉండదేమో అనిపించింది.

సాయిదుర్గ తండ్రి వంక చూసింది.

సోమేశ్వరరావు కూతురి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అబద్ధం చెప్పినందుకు కోపం వచ్చిన మాట నిజమేనమ్మా. కానీ ఉప్పు రెండుసార్లు పడ్డం పీట మీంచి నేనూ చూసేను. తన పరువు పోతుందని తెలిసీ ముసలావిడ పరువు కాచినవాడి మీద ఆ కోపం నిలవలేదు. నువ్వెలా అంటే అలా."

ఆమె వంగి జాడీ తీసి ఒడిలో పెట్టుకుంది. భాస్కర్‌కి కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

జనం సందడిలో పడ్డాక అతను దగ్గరికొచ్చి, మెషీన్ అన్నది బాణలి అని చెప్పాడు. అబద్ధం చెప్పినవాణ్ణి ఎలా నమ్మేరని అడిగాడు.

"నిజం ఎప్పుడు చెప్తారా అని నాలుగు రోజులు ఎదురుచూసేను. బజార్లో చెప్తారనుకున్నాను. అక్కడ చెప్పలేదని చాలా బాధపడ్డాను."

"నిజం మీకెలా తెలుసండీ?"

సాయిదుర్గ పంపకాల కాగితం విప్పి చూపించింది. మగవాళ్ల గడిలో అతని పేరు లేదు. వంటవారు అన్న గడిలో, అన్నిటికన్నా పైన, భాస్కర్ అని రాసి ఉంది. ఆ అక్షరాల మీద రెండు వానచుక్కలు పడి ఇంకు చెదిరింది.