మెట్ల దగ్గర మక్నీన్

"ఆ మెట్ల దగ్గర స్పీకర్ పెడితే నేనా ఇంటికి రాను!"

జులైఖా గొంతు పెరిగింది. కొడుకు లొత్ఫీ చేతిలోని కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. కోడలు నవాల్ బల్ల మీద పరిచిన కొత్తింటి ప్లాన్ మీంచి తలెత్తింది. మొన్న వంటింట్లో వద్దంది అత్తగారు. నిన్న హాల్లో వద్దంది. ఇవాళ మెట్ల దగ్గర!

ప్లాన్ నిండా నవాల్ ఎర్ర సిరాతో చుట్టిన చిన్నచిన్న సున్నాలు. ఒక్కో సున్నా ఒక్కో స్పీకరు. ప్లాస్టరింగ్ మొదలవకముందే వైర్లు గోడల్లోకి వెళ్ళాలి. శనివారం పనివాళ్ళు వస్తున్నారు.

"అమ్మా, నీ కోసమేగా ఇదంతా!" లొత్ఫీ బతిమాలాడు. "నీకు పొద్దున లేస్తే రేడియో ఉండాలి. ఆ డొక్కు పెట్టె ఇక అవతల పారేద్దాం. ఒక్క మీట నొక్కితే చాలు, ఏ గదిలోకి వెళ్ళినా అదే పాట నీ వెంట వస్తుంది!"

ఏ గదిలోకి వెళ్ళినా అదే పాట... జులైఖా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"మెట్ల దగ్గర మీ నాన్న పిట్ట ఉండాలి," అంది మొండిగా. "ఇక్కడ ఎక్కడుందో అక్కడే. దిగేటప్పుడు వచ్చే మొదటి మెట్టు పైన."

"పిట్ట పక్కనే ఆ కారే కుళాయి కూడా బిగిద్దామా అత్తయ్యా?" నవాల్ కలం విసిరికొట్టింది. "రెండేళ్ళుగా ప్లంబర్ని గడప తొక్కనివ్వరు! గంటలు కొట్టే గడియారం, గరగరలాడే రేడియో, చుక్కచుక్కగా కారే కుళాయి... ఈ పాత కొంపనే మూటకట్టి తీసుకుపోదాం. నేను మాత్రం ఇక్కడే గోడకి మేకులా ఉండిపోతాను!"

"నవాల్!" గద్దించాడు లొత్ఫీ.

"నా మీద అరవకు. నేను కోరుకున్నదల్లా ఆవిడకి గిట్టదు. అంతే!"

జులైఖా మాట వచ్చిన వైపు ముఖం తిప్పి, కోడలి కళ్ళు ఉండవలసిన చోట చూపు నిలిపింది. ఆ విద్య ఆమెకు బాగా అబ్బింది.

ఎందుకంటే, జులైఖాకు కళ్ళు కనిపించవు!

కంటి నరం ఎండిపోయిందని, ఇక చూపు తిరిగి రాదని డాక్టర్ చెప్పిన రోజున ఆమె పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వంతెన దాటి ఇంటికొచ్చింది. ఎవరికీ చెప్పనని ఆ పక్కింటావిడ చేత ఒట్టు వేయించుకుంది. కిటికీ ఉన్నచోట ఒక తెల్లటి మరక తప్ప లోకమంతా బూడిద! అయినా ఈ ఇంట్లో ఆమె ఎక్కడా తడబడలేదు. కుళాయి చుక్క వినపడితే వంటిల్లు. గడియారం టిక్కుమంటే హాలు. రేడియో గరగరలో తన మంచం. ఇక మెట్ల దగ్గర మక్నీన్ పిట్ట... పోయిన భర్త చేతుల్లో పెరిగిన ఆ ఎర్రమొహం పిట్ట కూత తలమీద వినపడిందంటే, కాలు ఆపి గోడ పట్టుకోవాలి!

మరి కన్నకొడుక్కి ఎందుకు చెప్పలేదు?

ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తూ నవాల్ ఫోన్లో తన తల్లితో ఏడ్చింది. "అమ్మా, పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అల్మారాలో నా బట్టలు చుట్టాల్లా ఉన్నాయే! నాదంటూ ఒక్క కిటికీ... ఒక్క కిటికీ నా చేత్తో తెరుచుకోవాలనుంది." మెట్ల మలుపులో నిలబడి జులైఖా ఆ మాటలన్నీ విన్నది. తన సంగతి తెలిస్తే లొత్ఫీ ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. మరుక్షణం కొత్తిల్లు ఆపేస్తాడు. అమ్మకి అలవాటైన ఇల్లు వదిలేది లేదంటాడు. తన చీకటి కోసం ఆ పిల్ల కిటికీ మూయించాలా? అందుకే నోరు కట్టేసుకుంది!

శుక్రవారం నమాజు అయ్యాక ముగ్గురూ కొత్తింటికి బయల్దేరారు. కాపురం పెట్టకముందు ఇంటినిండా ఖురాన్ పఠనం మోగాలి కదా! లొత్ఫీ తెచ్చుకున్న చేతి స్పీకర్లు గదికొకటి పెట్టాడు. ఏ స్పీకరు ఎక్కడ బాగుంటుందో కూడా దీంతో తేలిపోతుంది. పంజరాన్ని జులైఖా దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. కింద గ్యారేజీ, పైన కాపురం. కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, "ఇక్కడే మేకు కొట్టు," అని తానే పంజరం తగిలించింది. మెట్లకు ఇంకా రెయిలింగ్ బిగించలేదు. ముసుగు గుడ్డ తియ్యగానే పిట్ట కూసింది. జులైఖా గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇక భయం లేదు...

"నడువమ్మా, ఇల్లంతా తిరిగి చూడు!" అన్నాడు లొత్ఫీ సంబరంగా, మీట నొక్కుతూ.

గంభీరమైన పఠనం ఒక్కసారిగా అన్ని గదుల్లోంచి లేచింది. ఖాళీ గోడలు దాన్ని పట్టుకుని తిరిగి విసిరాయి. ఎటు తిరిగినా అదే గొంతు! అప్పటికే రెండు గదులు దాటిన జులైఖా నిలువునా ఆగిపోయింది. దేవుడా, నీ మాట నలుదిక్కులా ఉంది... నేనెక్కడున్నాను?

ఆమె చెవులు రిక్కించింది. పిట్ట కూత కోసం వెతికింది. పిట్ట కూయలేదు. ఎలా కూస్తుంది? పఠనం సాగుతుండగా కిచకిచలు అపచారమని లొత్ఫీ ఆ ముసుగు గుడ్డను మళ్ళీ పంజరం మీద కప్పేశాడు! తండ్రి నేర్పిన మర్యాదే అది.

కూత లేదంటే మెట్లు దూరంగా ఉన్నాయన్నమాట. జులైఖా ధైర్యంగా అడుగు వేసింది. మరొకటి వేసింది...

గది తలుపులోంచి నవాల్ చూసింది. అత్తగారు తిన్నగా మెట్ల అంచుకు నడుస్తోంది! కళ్ళు తెరిచే ఉన్నాయి. ముఖంలో బెదురు లేదు. కుడికాలు లేచింది... గాలిలో నేల కోసం తడిమింది!

"అత్తయ్యా!"

నవాల్ దూకింది. నడుం చుట్టూ చేతులు వేసి వెనక్కి లాగింది. ఇద్దరూ సిమెంటు నేల మీద కూలబడ్డారు. లొత్ఫీ పరుగున వచ్చి మీట కట్టేశాడు. ఇల్లు నిశ్శబ్దమైంది.

నవాల్ తన తలగుడ్డ లాగి అత్తగారి ముఖం ముందు పట్టుకుంది. "ఇది ఏ రంగు? చెప్పండత్తయ్యా! ఇది ఏ రంగు?"

జులైఖా పెదవులు కదిలాయి. "నీకు... నీకు నీలం ఇష్టం కదే పిల్లా..."

అది ఆకుపచ్చ.

"యా అల్లా!" లొత్ఫీ తల్లి పాదాల దగ్గర కుప్పకూలాడు. "ఎప్పట్నుంచమ్మా? నా కళ్ళెదుటే ఉండి... నాకెందుకు చెప్పలేదమ్మా!" అంతలోనే లేచి నిలబడ్డాడు. "వద్దు! ఈ ఇల్లే వద్దు! పాతింట్లోనే ఉందాం. రేపు పనివాళ్ళని రావద్దంటాను!"

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు!" అంది జులైఖా. "నువ్విలా అంటావనే! దీనికో కిటికీ కావాల్రా... డాబా మీద అది ఏడ్చిన ఏడుపు నా చెవుల్లో ఇంకా ఉంది. చూపు పోయినదాన్ని నేను. వెలుతురు దానికైనా ఉండనీ..."

నవాల్ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. మొండితనమనుకుంది! తనంటే కక్ష అనుకుంది! కారే కుళాయిని చూసి వెక్కిరించిందే... అది ఈవిడకి దీపం! అత్తగారి ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. జులైఖా చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆ తల మీద ఆగింది.

నవాల్ కళ్ళు తుడుచుకుంది. సంచీలోంచి ప్లాన్ తీసి నేల మీద పరిచింది. మెట్ల దగ్గరి ఎర్ర సున్నాను గట్టిగా కొట్టేసింది.

"ఇల్లు ఆగదు," అంది భర్తతో. "ఇల్లంతా ఒకే పాట మాత్రం ఎన్నడూ మోగదు. మీరు చెప్పండత్తయ్యా, నేను గీస్తాను. వంటింట్లో ఏం వినపడాలి?"

"నీళ్ళు," అంది జులైఖా మెల్లగా.

"హాల్లో?"

"గడియారం చాలు."

"మీ గదిలో?"

"రేడియో. కాస్త గరగర ఉండాలి సుమా!"

"గరగర కూడా పెట్టిస్తాను," అంది నవాల్, ఏడుపులోనే నవ్వొచ్చి. "మరి నా గదిలో?"

జులైఖా ఆలోచించింది. "అక్కడ ఏమీ వద్దు. నువ్వు కిటికీ తెరిస్తే చప్పుడవుతుందిగా. అది చాలు నాకు."

కొత్తింట్లో కాపురం మొదలైంది. రెయిలింగ్ బిగించారు. చూపు మాత్రం తిరిగి రాలేదు. వస్తుందని ఎవరూ అబద్ధం చెప్పలేదు. వేసవి చివర మక్నీన్ ఈకలు రాల్చే రోజులొచ్చాయి. ఆ రోజుల్లో అది కూయదు. ఒక ఉదయం జులైఖా గదిలోంచి బయటికొచ్చి సందేహంగా ఆగింది. మెట్ల దగ్గర చప్పుడే లేదు...

అప్పుడు వినిపించింది ఒక కూత. వంకరటింకరగా, సగం ఈల, సగం గాలి.

"ఏమిటే, దీని గొంతు ఇంత పాడైపోయింది!" అంది జులైఖా.

మొదటి మెట్టు మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్న నవాల్ మళ్ళీ ఈల వేసింది. కళ్ళలో నీళ్ళు...

జులైఖా ఆ కూత వైపు నడిచి వచ్చింది. సరిగ్గా కోడలి పక్కన ఆగి, గోడ కోసం వెతక్కుండా, చెయ్యి చాపింది.