ఓటు వేయని జోడీ

"గౌరవ సభ్యురాలు అడిగినంత డబ్బు పోస్తే నది సంగతేమో గానీ, ఖజానా మాత్రం ఎండిపోతుంది" అన్నాడతను.

అతని పక్షమంతా బల్లలు చరిచింది. ఎదుటి వరుసలో ఆమె లేచి నిలబడింది. అద్దకం కార్ఖానాలు మురుగును శుద్ధి చేశాకే నదిలోకి వదలాలన్న బిల్లు ఆమెది. శుద్ధి కేంద్రానికయ్యే ఖర్చులో సగం ప్రభుత్వం పెట్టుకోవాలన్న దగ్గరే గొడవంతా.

"అధ్యక్షా, ఆ సభ్యుడి చేతికి కత్తెర తప్ప ఇంకో పనిముట్టు దొరికినట్టు లేదు. రోడ్డంటే కత్తిరిస్తారు, బడంటే కత్తిరిస్తారు. ఇప్పుడు నది వంతు వచ్చింది."

ఆ పూట నుంచి అతను సభంతటికీ కత్తెర అయిపోయాడు. అతనూ తక్కువ తినలేదు, ఆమెకు ఏరు అని పేరు పెట్టాడు. మర్నాడు క్యాంటీన్లో ఆమె టీ నోట్లో పోసుకుని మొహం చిట్లిస్తుంటే, ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఏరు గారికి టీ నచ్చలేదా?"

"చక్కెర కూడా మీరే కోసేశారేమో అనుకుంటున్నా."

"నా కప్పు తీసుకోండి. ఖజానా మీద భారం పడదు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. ఆ తర్వాత లోపల ఎంత కీచులాడుకున్నా, క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల మాత్రం ఇద్దరిదీ అయింది. అక్కడ కూడా ఖర్చులూ కాలుష్యమూ తప్ప ఇంకో ముక్క మాట్లాడుకునేవారు కారు. అతను చెంచా తిప్పుతూ ఆమెను చూసేవాడు. ఆమె చూడనట్టు కిటికీలోంచి వానను చూసేది.

ఇంతలో ఆమె తండ్రి మంచం పట్టాడు. అద్దకం కార్ఖానాలో బతుకంతా గడిపిన మనిషి. పని మానేసి ఏళ్ళయినా గోళ్ళ మొదళ్ళలో నీలం రంగు పోలేదు. ఊపిరితిత్తుల్లోదీ పోలేదు. టీవీలో సభ వస్తే చాలు, ఆయాసపడుతూనే దిండుకానుకుని కూర్చునేవాడు.

"ఆ కత్తెర కుర్రాడు మన మాటకి అడ్డం పడతాడు గానీ, మిగతావాళ్ళలా నిద్రపోడమ్మా. నువ్వు చెప్పేది వింటాడు" అనేవాడు. ఆమె మాట మార్చేసేది.

ఓటింగు దగ్గరపడ్డాక డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి, ఇక ఎప్పుడేమైనా జరగొచ్చని చెప్పింది. ఆ సాయంత్రం క్యాంటీన్లో ఆమె ముందున్న టీ చల్లారిపోయింది.

"జోడీ కడదామా?" అన్నాడతను మెల్లగా.

అది సభలో పాత ఆనవాయితీ. ఒక పక్షంలో ఎవరికైనా కష్టమొచ్చి ఓటింగుకి రాలేకపోతే, ఎదుటి పక్షంలో ఒకరు తానూ ఓటు వేయనని మాట ఇస్తారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. మాట తీసుకున్నవాళ్ళు వదిలితే తప్ప ఇచ్చినవాళ్ళు ఓటు వేయకూడదు.

"మీవాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. మీరు నాన్నగారి దగ్గర ఉండండి."

వెళ్ళేముందు ఆమె సభలో ఒక్కసారి మాట్లాడింది. "మా వీధి పిల్లలం పొద్దున్నే నది రంగు చూసి, ఆ ఏడు జనం ఏ రంగు గుడ్డలు కొంటున్నారో చెప్పేవాళ్ళం అధ్యక్షా. అది ఆట అనుకునేవాళ్ళం" అంది. కొందరు నవ్వారు. కత్తెర నవ్వలేదు.

ఓటింగు రోజు వాన పొద్దుటి నుంచీ విడవలేదు. ఆసుపత్రి వరండాలో గోడకున్న టీవీ కింద ఆమె కూర్చుంది. లోపల తండ్రి ముక్కుకి గొట్టంతో మగతగా ఉన్నాడు. మధ్యాహ్నం ఆమె ఫోన్ మోగింది. కత్తెర. లోపల నర్సు తండ్రిని చూస్తుండటంతో ఎత్తలేదు. మళ్ళీ మోగింది. తర్వాత మెసేజ్ వచ్చింది. "నన్ను మాట నుంచి వదలండి. దయచేసి ఫోన్ ఎత్తండి."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ పార్టీ మెడ మీద కూర్చుని ఉంటుంది, ఈయన గారు జారుకుంటున్నాడు. తండ్రి ఈ స్థితిలో ఉంటే అడగడానికి నోరెలా వచ్చిందో. ఆమె ఫోన్ కట్టేసి సంచిలో పడేసింది. బిల్లు కంటే ముందు ఇంకేదో చేజారినట్టనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సాయంత్రం టీవీలో ఫలితం చెప్పారు. ఓట్లు సరిసమానంగా వచ్చాయి. ఆ సభలో సమానంగా వస్తే బిల్లు ఓడినట్టే. ఏడాది దాకా అది మళ్ళీ సభ గడప తొక్కడానికి వీల్లేదు.

అతను తడిసి ముద్దై వరండాలోకి వచ్చేసరికి ఆమె అదే కుర్చీలో ఉంది.

"ఎందుకొచ్చావు? ఓటేసి మరీ పరామర్శకి వచ్చావా?" తొలిసారి 'నువ్వు' అంది, అదీ ఇలా.

"నేను ఓటు వేయలేదు. బయట నడవాలో నిలబడ్డాను."

"మరి వదలమని ఎందుకు బతిమాలావు?"

అతను కిందకి చూశాడు. ఆమె కూడా చూసింది. అతని తెల్ల బూట్లు పైఅంచుల దాకా నీలమైపోయాయి. అతను నడిచివచ్చిన దారంతా నీలం అడుగులు పడ్డాయి. ఆ రంగు ఎక్కడిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"పొద్దున మీ వీధికి వెళ్ళాను. నదిలోకి దిగాను. మీ వైపు ఓటు వేద్దామనుకున్నాను" అన్నాడు. "మా విప్ నా పక్కనే కూర్చుని ఫోన్లోకి తొంగిచూస్తున్నాడు. ఎటు వేస్తానో రాస్తే తలుపు దాటనిచ్చేవాడు కాదు. నువ్వు ఎత్తితే లేచి అవతలికెళ్ళి చెబుదామని ఫోన్ చేశాను."

ఒక్క ఓటు. సంచిలో కట్టేసి పెట్టిన ఓటు.

"మాట తప్పి వేసేయాల్సింది" అంది ఏడుస్తూ.

"వేస్తే నది గెలిచేది. కానీ నీకిచ్చిన మాట తప్పినవాణ్ణి నువ్వు ఇంకెప్పుడూ నమ్మేదానివి కాదు. తలుపు దగ్గర అదే ఆలోచిస్తూ నిలబడిపోయాను. తప్పే చేశానేమో. నువ్వంటే నాకు అంత ఇష్టం మరి."

ఎన్ని వానల నుంచో వినాలనుకున్న మాట అది. విన్నాక సంతోషించడానికి ఆమెలో ఓపిక లేదు. అతని తడి చొక్కాకి తల ఆనించి ఏడ్చింది.

లోపల తండ్రి కళ్ళు తెరిచాడు. "బిల్లు?" అన్నాడు.

"పోయింది నాన్నా."

"కత్తెర ముంచాడా?"

"కాదు. నేనే ఫోన్ ఎత్తలేదు." జరిగిందంతా చెప్పింది. ఒక్క ముక్క దాచుకోలేదు.

ఆయన గుమ్మంలో నిలబడ్డవాణ్ణి దగ్గరకు రమ్మని వేళ్ళు కదిపాడు. అతని బూట్లు చూసి, తన గోళ్ళు చూసుకున్నాడు.

"ఇది కడిగితే పోదు బాబూ. నేను చూశాగా." ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "వచ్చే ఏడు మళ్ళీ పెట్టండి. ఇద్దరి పేర్లూ పెట్టి పెట్టండి. నేనుండను. అప్పటికి మీరిద్దరూ ఒక ఇంట్లో ఉంటే, ఫోన్లతో పనుండదు."

అని కూతురి చేతిని అతని చేతిలో పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. ఆయాసం మాత్రం గదిలో వినిపిస్తూనే ఉంది. వానా ఆగలేదు.

అతని జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. విప్. చెయ్యి విడిపించుకోవడం ఇష్టంలేక అతను పట్టించుకోలేదు. ఆగింది, మళ్ళీ మోగింది.

"పార్టీ నుంచి పంపించేస్తారు. తర్వాత మాట్లాడతాలే" అన్నాడు.

ఆమె ముక్కు తుడుచుకుని, అతని జేబులోంచి ఫోన్ తీసి చేతికిచ్చింది.

"ఎత్తు" అంది. "ఎత్తకపోతే ఏమవుతుందో ఇవాళ చూశాం."