ముద్దమందారం అంటు

మా అత్తగారు పోయినందుకు నాకు దిగులేసిందని చెబితే పచ్చి అబద్ధం. ఆవిడ వదిలిపెట్టిన వాటిలో నాకు కావాల్సినవి రెండే. ఒకటి మా ఆయన, రెండోది పెరట్లో ముద్దమందారం. ఇల్లు మారేలోపు ఆ చెట్టుకు ఓ అంటు కట్టి, కొత్తింటికి పట్టుకెళ్దామనుకున్నాను.

"అమ్మ ఆ చెట్టును ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదే," అన్నారాయన.

"మిమ్మల్నే ముట్టుకోనిచ్చేది కాదు, చెట్టొక లెక్కా?" అన్నాను. ఆయన నవ్వేశారు.

బొటనవేలి లావు కొమ్మ చూసి, దాని చుట్టూ ఉంగరంలా బెరడు వలిచాను. తడి నాచు అద్ది, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి బిగించాను. లోపల వేర్లు పుట్టాక కట్టు కింద కోసి నాటుకుంటే సరి, కొత్త మొక్క.

మర్నాడే ఆయన కుడి మణికట్టు చుట్టూ చర్మం ఊడిపోయింది. నేను బెరడు వలిచినంత వెడల్పే. ఏదో పడలేదని డాక్టరు మందు రాసి కట్టు కట్టాడు. ఆ కట్టు ఎన్నిసార్లు మార్చినా తడిగానే ఉండేది. గదంతా నాచు వాసన.

ఓ సాయంత్రం ఆయన మెల్లగా, "లోపల ఏదో పాకుతోందే," అన్నారు.

కట్టు విప్పాను.

వేర్లు... తెల్లగా, దారాల్లా... నా వేలు తగలగానే ముడుచుకున్నాయి.

పెరట్లోకి పరిగెత్తి, కొమ్మకున్న కట్టు చింపి పారేశాను. అందులో ఒక్క వేరూ లేదు. ఇంట్లోంచి ఆయన అరిచారు. అప్పుడు నా చెవి పక్కనే... అత్తగారి గొంతు.

"వేర్లొచ్చింది వాడికి కదమ్మా. ఇంక కొయ్యి."

నేను కోయలేదు. తెల్లారేసరికి ఆయన చెయ్యి నల్లగా ఎండిపోయింది. ఆసుపత్రిలో తీసేశారు, సరిగ్గా నేను కొమ్మ కోయాల్సిన చోటే.

ప్రాణం దక్కింది, అదే చాలనుకున్నాను. కసి తీరా చెట్టును వేళ్ళతో సహా పెకిలించి తగలబెట్టాను. ముసల్దాని పీడ విరగడైందనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఆయన మంచం మీద పడుకుని, పెరటి కిటికీ వైపే చూస్తున్నారు.

"నొప్పిగా ఉందా?"

"లేదు. అమ్మ చెయ్యి పట్టుకుంది."

"ఏ చెయ్యి?"

"తీసేసిన చెయ్యి," అన్నారు గుసగుసగా. "వదలట్లేదే..."

గాలి లేదు. ఆయన చొక్కా కుడి చేతి కొస, ఖాళీది, కిటికీ వైపు సాగి బిగుసుకుని ఉంది.

ఆయన ఎడమ చేతిని గట్టిగా పట్టుకుని, నా బలమంతా పెట్టి లాగాను.

మంచం కిటికీ వైపే జరిగింది.