ఆరు బస్తాల బేరం

పొద్దున్నే ఫోన్ పెట్టేసి భర్త చప్పట్లు కొట్టాడు.

"ఇల్లమ్మే ఆయన ఇంకో లక్ష దిగాడే! తనంతట తనే ఫోన్ చేసి సరేనన్నాడు. సాయంత్రం అడ్వాన్స్ తెచ్చెయ్యమన్నాడు."

ఆమె కుట్టుమిషన్ ఆపింది. "అడిగినప్పుడల్లా దిగుతున్నాడంటే నాకెందుకో గుబులుగా ఉందండీ."

"నీకు గుబులు లేని రోజేది? పెళ్లిపీటల మీద కూడా గుబులే."

పాత సామాన్లు కొని అమ్మడం ఆయన వ్యాపారం. బీరువా తలుపు కిర్రుమందని నూరు, కుర్చీ కాలు ఊగిందని యాభై గీచి గీచి తగ్గిస్తాడు. అమ్మేవాడు తన గోడు వెళ్లబోసుకునేదాకా వదలడు. అలాంటి మనిషికి, ఈ ఇంటాయన ఒక్క ముక్క మారుమాట్లాడకుండా నాలుగుసార్లు దిగాడంటే అనుమానం రావాలి. రాలేదు. గెలుస్తున్నవాడికి అనుమానం ఎందుకొస్తుంది మరి!

ఆ ఇల్లు ఒక రిటైరైన బస్సు కండక్టరుది. ముందు రెండు గదులు, పెరట్లో విడిగా, తర్వాత వేయించిన ఒక గది. వాళ్ల కూతురు, ఏడేళ్ల చిట్టి, చూసిన మొదటిరోజే ఆ వెనక గది తనదని చెప్పేసింది. అడ్వాన్స్ సొమ్మంతా ఆమె కష్టార్జితమే. పోయిన అత్తగారి పాత మిషన్ మీద పదకొండేళ్లు జాకెట్లు కుట్టి కూడబెట్టింది. అది పోతే మళ్లీ కూడబెట్టడానికి నడుము మిగల్లేదు.

"అసలు సంగతి చెప్పనేలేదు," అంటూ భర్త తండ్రివైపు తిరిగాడు. "ఆ ఇల్లు కట్టింది నువ్వే నాన్నా! వీధి మెట్టు మూల నీ ముద్ర ఉంది. నిన్న చూశాను."

మామగారు తాపీమేస్త్రీ. పని పూర్తయిన రోజున మెట్టు మూల తడి సిమెంటులో బొటనవేలు నొక్కి రావడం ఆయన అలవాటు. చిన్నప్పుడు కొడుకు ఆ ముద్రలు వెతుక్కుంటూ వీధులన్నీ తిరిగేవాడు. ముద్ర ఉన్న ఇల్లంటే వాడికి కొండంత ధైర్యం.

మామగారు టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి దించేశారు.

"కండక్టరు ఇల్లా? పెరట్లో గది ఉంటుంది, అదేనా?"

"అదే. చిట్టి గది."

"ఆ ఇల్లు వద్దురా."

"ఎందుకు?"

"వద్దన్నాను కదా."

"నా జన్మలో ఒక్క పనైనా బాగుందన్నావా నువ్వు?" కొడుకు గొంతు లేచింది. "అద్దెకొంపలో పుట్టాను, అందులోనే పోవాలా? ఊరందరికీ ఇళ్లు కట్టావు, మాకు ఒక్కటి కట్టలేదు. కనీసం కొనుక్కోనివ్వు!"

సాయంత్రం వాళ్లు బయల్దేరుతుంటే మామగారు ఎవరూ పిలవకుండానే చెప్పులేసుకుని వెనకే వచ్చారు.

కండక్టరు నవ్వుతూనే లోపలికి రమ్మన్నాడు. ఆ నవ్వు మామగారిని చూడగానే ఆగిపోయింది. ఆమె అది గమనించింది. భర్త మాత్రం అడ్వాన్స్ కవరు చేత్తో తడుముకుంటూ, "కాగితం రాసుకుందామా?" అన్నాడు.

"ముందు వెనక గది చూడాలి," అన్నారు మామగారు.

"ఇప్పుడా? చీకటిపడుతోంది కదా," అన్నాడు కండక్టరు.

చిట్టి అప్పటికే పెరట్లోకి పరుగెత్తింది. ఆమె వెంట వెళ్లింది. గదిలో కొత్త సున్నం వాసన గుప్పుమంది. సున్నం గోడలకు కాదు, ఒక్క పైకప్పుకే వేశారు. గుమ్మం మెట్టు మూల చూసింది. నున్నగా ఉంది, వేలిముద్ర లేదు. కట్టిన ప్రతి ఇంటికీ ముద్ర వేసే మనిషి ఈ గదికి ఎందుకు వేయలేదు?

"అమ్మా, మంచం ఇక్కడ!" చిట్టి గది మధ్యలో నిలబడి గిరగిరా తిరిగింది.

"ఇలా రావే. రా అంటున్నానా!" ఆమె చెయ్యి పట్టి లాగేసింది.

మామగారు మూలనున్న చీపురుకర్ర తిరగేసి పైకప్పును కొట్టారు. ఒకచోట గట్టిగా మోగింది. నాలుగడుగులు జరిగి కొట్టారు. డొల్లగా మోగింది. మూడో దెబ్బకు, చిట్టి అంతకుముందు తిరిగినచోటే, పళ్లెమంత పెచ్చు దభీమని ఊడిపడి దుమ్ము లేచింది. పైన తుప్పుపట్టిన ఊచలు బయటపడ్డాయి.

భర్త కండక్టరు చొక్కా పట్టుకున్నాడు. "తెలిసే అమ్ముతున్నావా? నా కూతుర్ని చంపుదామనుకున్నావా?"

"ఆయన్ని వదలరా," అన్నారు మామగారు. "ఆయన దాచింది పెచ్చు. నేను దాచింది సిమెంటు. ఈ స్లాబుకి పదహారు బస్తాలు ఇచ్చాడు ఆయన. పది కలిపాను. ఆరు అమ్ముకున్నాను."

భర్త చొక్కా వదిలేశాడు.

"ఏం అవసరమొచ్చింది నాన్నా?" అన్నాడు.

"ప్రాణం మీదికొచ్చి కాదురా. అందరూ చేస్తున్నదే కదా అనుకున్నాను. మీ అమ్మ మిషన్ కావాలని ఏడాదిగా అడుగుతోంది. ఆ డబ్బుతో పాతదొకటి కొన్నాను. ముద్ర వేద్దామని వంగితే చెయ్యి రాలేదు. అప్పట్నుంచి ఈ వీధిలోకే రాలేదు నేను."

కండక్టరు మెట్టు మీద కూలబడ్డాడు. "కిందటి వానల్లో మా ఆవిడ మంచం మీద పడింది పెచ్చు. ఆ పూట ఆవిడ లేదు కాబట్టి సరిపోయింది. మేస్త్రీని అడగాలనుకున్నాను. పైన సున్నం కొట్టి వదిలించుకుందామని బుద్ధి పుట్టింది. మీ పాప తిరుగుతుంటే చూడలేకే ధర తగ్గిస్తూ వచ్చాను. ఇంకా దిగమన్నా దిగుతాను."

"దిగొద్దు," అన్నారు మామగారు. "ఈ స్లాబు పడగొట్టి మళ్లీ నేనే వేస్తాను. కూలి వద్దు. ఇవాళ దించిన లక్షా మళ్లీ ఎక్కించుకోండి. ఆ ఆరు బస్తాలు నావి."

జన్మలో ఎవరికీ పైసా ఎక్కించని భర్త నోరు తెరవబోయాడు. తండ్రి చీపురుకర్ర పట్టుకుని ఆ ఊచలకేసే చూస్తున్నాడు. అది చూసి నోరు మూసుకున్నాడు. దగ్గరికెళ్లి కర్ర తీసుకుని పక్కన పెట్టి, ఆ చేతులు పట్టుకుని, "నేనూ వస్తా నాన్నా, ఇసుక మోస్తా," అన్నాడు.

ఆమె కళ్లముందు పదకొండేళ్ల మిషన్ తిరుగుతోంది. తను తొక్కిన ప్రతి తొక్కూ ఈ కప్పులోంచే వచ్చిందన్నమాట. కవరు తెరిచి కొన్ని నోట్లు విడదీసింది.

"ఆ బస్తాలు మీవి కావు మామయ్యా, నావి," అంది. "మిషన్ తొక్కింది నేను."

మామగారు వద్దన్నట్టు తలూపబోయి, నోట్లున్న ఆమె చేతిని కళ్లకద్దుకుని ఏడ్చేశారు.

నెల తిరక్కుండా కొత్త స్లాబు వేశారు. పదహారు బస్తాలూ చిట్టి చేత లెక్కపెట్టించారు. ఆ గది మెట్టుకు చివరి పూత వేసి మామగారు దూరంగా జరిగితే, కొడుకే ఆయన బొటనవేలు పట్టుకుని తడి సిమెంటులో నొక్కాడు.