బేసిన్ కింద మూడో నంబర్

మార్కాపురం పలకల గోడౌన్‌లో ఉదయం ఆరున్నరకి నిత్యానందం గారు బలపం తీసి ఒక పలక మీద మూడు ముక్కలు రాశారు. బయట బోర్డు ప్రకారం ఆయన పలకల ఎగుమతిదారు. లోపల మాత్రం పదిమందికి కూడా తెలియని ఒక ఇంటెలిజెన్స్ విభాగానికి బాస్. ఈమెయిల్‌ని ఆయన నమ్మరు, ఫోన్‌ని అసలే నమ్మరు.

ఏజెంట్ మధుసూదన్ చదివాడు. 'టేకాఫ్ పది గంటలకి. జీపీఎస్ రిసీవర్లు మూడు. అందులో ఒకటి చంపుతుంది.'

"అర్థమైందా?"

"అయింది సార్."

తడిగుడ్డతో ఒక్క తుడుపు. ఫైల్ క్లోజ్.

గిద్దలూరు అవతల నల్లమల కొండల్లో 'నీలి లాంతరు' అనే విదేశీ ముఠా ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టింది. మధ్యాహ్నానికల్లా విప్పుకుని పోతారని కబురు. ఈలోగా చిన్న విమానంలో వెళ్లి దాని చోటు ఫొటో తీయాలి. పైలట్ సునీత టాబ్లెట్‌లో మ్యాప్ చూసుకుంటూ నడుపుతుంది. ఆ టాబ్లెట్‌కి సొంత జీపీఎస్ లేదు. బయటి రిసీవర్ ఉపగ్రహాలను పట్టుకుని, విమానం ఎక్కడుందో బ్లూటూత్‌లో దానికి చెప్పాలి. ఆ రిసీవర్ అబద్ధమాడితే, మబ్బులో ఉన్న పైలట్‌కి కొండ సంగతి తెలిసేది గుద్దుకున్నాకే.

పోయిన నెల పైలట్ రమేష్‌కి అదే జరిగింది. ఆ రిసీవర్ అతని చేతిలో పెట్టింది మధుసూదనే. సీలు చూశాడు, బ్యాటరీ చూశాడు, "బాగుంది, పోరా" అన్నాడు. ఆ రోజు నుంచి మధుసూదన్‌కి తిన్నది ఒంటబట్టడం లేదు. కూర్చున్న చోట పది నిమిషాలు కుదురుగా కూర్చోలేడు.

తొమ్మిదింపావుకి దొనకొండ పాత రన్‌వే మీద, గళ్ల లుంగీతో గొర్రెల బేరగాడి వేషంలో నిలబడ్డాడు. తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, నలగని లినెన్ చీరతో స్టెల్లా దిగింది. మన మనిషిగా ముఠాలో చేరిన ఏజెంట్. కనీసం ఆఫీసు రికార్డుల్లో అలాగే ఉంది.

"పొదిలి సంతలో పొట్టేళ్లు దొరుకుతాయా?" అన్నాడు.

"కంభం చెరువు నిండితే దొరుకుతాయి," అని పెట్టె తెరిచింది.

హైదరాబాద్ ఆఫీసు పంపిన రిసీవర్లు మూడు. దారిలో ఒకదాన్ని ముఠా మార్చేసింది. ఇంకొకటి తెప్పించే టైం లేదు.

"మార్చింది ఒకటో నంబర్‌ని," అంది స్టెల్లా. "మూడోది తీసుకో. సెకనుకి పదిసార్లు పొజిషన్ చెబుతుంది. పదమూడు గంటల బ్యాటరీ."

"నీకెవరు చెప్పారు?"

"ముఠాలో నన్ను నమ్మేవాళ్లు."

"నిన్ను నమ్మేవాళ్లు కూడా ఉన్నారా?"

స్టెల్లా నవ్వి, పెట్టెని అతని వైపు జరిపింది.

మధుసూదన్ మూడింటినీ జీపులో పెట్టుకుని రన్‌వే మీద ఎనభై స్పీడులో తిరిగాడు. మూడూ ఒకే చోటు చూపించాయి. విప్పి చూద్దామంటే అతికించిన డబ్బాలు, విప్పితే ఇక పనికిరావు. కొండల దగ్గరికి వెళ్లేదాకా దొంగది కూడా నిజమే చెబుతుందని అతనికి తెలుసు. జీపు నీడలో వాటిని నేల మీద పెట్టి, పవర్ బ్యాంకుకి తగిలించి, అటూ ఇటూ పచార్లు మొదలెట్టాడు. తొమ్మిదీ నలభై. తొమ్మిదీ నలభై ఐదు.

ఇంతలో గొర్రెలూ మేకలూ కాసే కాటమరాజు, చెంచమ్మల మంద రన్‌వే దాటడానికి వచ్చింది. ఓ మేక పవర్ బ్యాంకు తీగని నోట పెట్టింది.

"ఏంది నాయనా, ఇట్ల నేల మీద పెట్టినారు? మేక నోటికి అడ్డేముంది?" అని చెంచమ్మ దాన్ని అదిలించింది. పచార్లలో ఉన్న మధుసూదన్‌కి వినపడలేదు. ఆమె నెత్తి మీది అల్యూమినియం బేసిన్ దించి, తీగకి కాస్త సందు వదిలి, డబ్బాల మీద బోర్లించింది.

తొమ్మిదీ యాభై ఐదు. జీపు పక్కనే ఉన్న విమానంలోంచి సునీత పిలిచింది. గిద్దలూరు పిల్ల, మొండిది.

"మధన్నా, ఇంక ఆగలేను. మూడోదే తీసుకుంటా. టాబ్లెట్‌కి కలిపినా. పద్నాలుగు ఉపగ్రహాలు, తేడా ఒక్క మీటరే. ఇట్లియ్యి."

మధుసూదన్ వంగాడు. డబ్బాలు లేవు. బేసిన్ ఉంది.

"కింద ఉన్నయ్‌లే నాయనా," అంది చెంచమ్మ.

బేసిన్ మీద పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సునీతా, ఇప్పుడు కూడా వస్తోందా?"

"వస్తా ఉంది. పద్నాలుగు."

"ఒకటికి మార్చు."

"సిగ్నల్ లేదంట."

"రెండు?"

"అదీ అంతే. ఏందన్నా?"

"మళ్లీ మూడు."

"పద్నాలుగు."

ఆకాశం కనపడకపోతే నిఖార్సైన రిసీవర్ తనకి తెలియదని ఒప్పుకుంటుంది. పైలట్‌కి ఎక్కడా అనుమానం రాకూడదని ముఠావాళ్లు మూడోదానికి 'తెలియదు' అనే మాటే లేకుండా చేశారు. మేకల బేసిన్ ఒకటుంటుందని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

స్టెల్లా అప్పటికే కారెక్కింది. కారు చుట్టూ మంద. హారన్ మోగింది, ఒక్క గొర్రె కూడా జరగలేదు.

"తొందరెందుకమ్మా?" అన్నాడు కాటమరాజు కర్ర మీద గడ్డం ఆనించి. "ముందర పొట్టేలు కదలాల. అది కదిలితేనే మంద కదులుతది."

మధుసూదన్ గొర్రెల మధ్య నుంచి వెళ్లి కారు తలుపు తీశాడు.

"రమేష్ రిసీవర్ కూడా నువ్వే మార్చావు."

స్టెల్లా కళ్లద్దాలు తీసింది. "నువ్వు సీలు మాత్రమే చూశావు, మధూ."

ఆ మాట గట్టిగా తగిలింది, అది నిజం గనక. అతను బేడీలు వేశాడు.

సరిగ్గా పదికి రెండో నంబర్‌తో సునీత గాల్లోకి లేచింది. మధ్యాహ్నం పన్నెండుకి పది నిమిషాలుండగా పడమటి నుంచి ఇంజన్ చప్పుడు వినిపించేదాకా మధుసూదన్ రన్‌వేని కనీసం నలభై సార్లు కొలిచాడు. చక్రాలు నేలని తాకాక మాత్రం అక్కడే కూలబడి, మొహం లుంగీ చెంగులో దాచుకుని ఏడ్చాడు. చెంచమ్మ వచ్చి పక్కన కూర్చుంది. సంగటి ముద్ద చేతిలో పెట్టింది. నెల రోజుల్లో మొదటిసారి అతనికి ఆకలేసింది.

సాయంత్రం గోడౌన్‌లో పలక మీద రిపోర్టు. 'ఎంపిక: రెండో నంబర్. ఫొటోలు అందాయి. పరీక్షకి వాడిన పరికరం: అల్యూమినియం బేసిన్, ఒకటి. యజమానురాలు వెంటనే వెనక్కి తీసుకుంది.'

నిత్యానందం గారు రెండుసార్లు చదివి, తడిగుడ్డతో తుడిచేసి, ఆఫీసుకి అలాంటి బేసిన్లు రెండు కొనమన్నారు.