డీజిల్ ఎక్కడికి పోయింది?

"తాళాలు ఇక్కడ పెట్టు! ఈ పొద్దుతో ఆ కారు తిప్పేది చాలు!"

రాహేలమ్మ చెయ్యి చాచి గుమ్మంలోనే నిలబడింది. అప్పుడే కారు దిగి వచ్చిన జెస్సికా ఇంకా చెప్పులైనా విడవలేదు. ఉదయగిరిలో ఆ వీధి వీధంతా వినేటట్టు ఉంది అత్తగారి గొంతు!

"ఏం జరిగింది అత్తా?"

"నన్నడగతావా? మొన్ననే గదా ట్యాంకు నింపితివి! ఈ పొద్దు మళ్ళీ బంకు కాడ నిలబడి ఉండావంట! నా కొడుకు నడిపినప్పుడు లీటరుకు పద్దెనిమిది వచ్చేది. నీ చేతికొచ్చినాక పదిహేను కూడా రాలేదే... ఆ డీజిలంతా యాడికి పోతా ఉండాది? ఆత్మకూరని చెప్పి యాడ తిరగతా ఉండావు?"

చెప్పులు విడవబోయిన జెస్సికా అక్కడే ఆగింది. ఎంత మాట! వానాకాలంలో భర్త డేవిడ్‌రాజు ట్రాక్టరు మీద నుంచి జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక బ్రేకు తొక్కే పని పెట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ పాత డీజిల్ కారే ఇంటికి ఆధారం. దాన్ని అమ్మేద్దామని అందరూ అంటుంటే, పెళ్లయిన కొత్తలో భర్త సరదాగా నేర్పిన డ్రైవింగును నమ్ముకుని స్టీరింగు పట్టుకుంది జెస్సికా. నిండు చూలాళ్లనూ, ముసలివాళ్లనూ ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోతూ, గురువారాల్లో ఎ.ఎస్.పేట దర్గాకు పోయేవాళ్లను దించుతూ, ఇంటి దీపం ఆరిపోకుండా కాపాడుతోంది. అలాంటి తనకా ఈ నింద...!

ఆమె భర్త వైపు చూసింది. 'నా భార్య అలాంటిది కాదమ్మా' అనే ఒక్క మాట... ఒక్కటంటే ఒక్కటి! మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న డేవిడ్‌రాజు మాత్రం ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అత్త నోటి మాటకంటే ఆ మౌనమే ఆమెను ఎక్కువగా కాల్చింది.

కన్నీళ్లు రెప్పల దాకా వచ్చాయి. అయినా జెస్సికా వాటిని జారనివ్వలేదు. తను తప్పు చేయలేదు. తప్పు కారులో ఉంది. అది ఎక్కడుందో తేల్చాలి!

"తాళాలు ఇస్తాను అత్తా. కానీ రేపు ఒక్కరోజు నువ్వు నా పక్కన కూర్చో. ఇక్కడ ట్యాంకు మూత దాకా నింపుదాం. ఆత్మకూరు పోయి మళ్ళీ మూత దాకా నింపుదాం. దారిలో ఎంత తాగిందో నీ కళ్ళ ముందే తేలిపోతాది. నేను యాడన్నా పక్కకు తిప్పితే అక్కడే తాళాలు నీ చేతిలో పెట్టి, బస్సెక్కి మా అమ్మగారింటికి పోతా!"

రాహేలమ్మ తడబడింది. కోడలు ఏడుస్తుందనుకుంది గానీ, ఇలా పందెం వేస్తుందనుకోలేదు.

"వస్తాను. నాకేం బయమా!" అంది.

తెల్లవారి చలి గట్టిగా ఉంది. శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, రాహేలమ్మ ముందు సీటులో కూర్చుంది. జెస్సికా బయల్దేరే ముందు ఊరి బంకులో ట్యాంకు మూత దాకా నింపించి, చక్రాలన్నింటికీ గాలి చూపించింది. ఎయిర్ ఫిల్టరు కిందటి వారమే కొత్తది వేయించింది. ఇంజను కింద ఎక్కడా డీజిల్ చుక్క కారడం లేదు. ఊరు దాటాక చిన్న దిగుడు వచ్చింది. అక్కడ గేరు తీసి వదిలేస్తే కారు హాయిగా దొర్లింది.

"బ్రేకులు పట్టేసుకుని ఉంటే ఇట్లా దొర్లదు అత్తా. కాబట్టి అదీ కాదు," అంది.

దారి పొడుగునా రాహేలమ్మ రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది. కోడలు ఎక్కడా ఆపలేదు, ఎక్కడా తిప్పలేదు. గుంతలు చూసి నిదానించింది, గొర్రెల మంద అడ్డమొస్తే ఓపికగా ఆగింది. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు చెయ్యెత్తి పలకరించాడు. తన కొడుకు కూడా ఇంత పొందికగా నడిపేవాడు కాదేమో... అనుకుని, ఆ ఆలోచనకు తనే ఉలిక్కిపడింది!

ఆత్మకూరు బంకులో మళ్ళీ మూత దాకా నింపారు. లెక్క వేస్తే లీటరుకు పద్నాలుగు చిల్లర!

"అత్తా... నేను యాడన్నా ఆపినానా?"

"లేదు..."

"పక్కకు తిప్పినానా?"

రాహేలమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "లేదమ్మా... లేదు. నా నోరు పడిపోను! బంగారం లాంటి బిడ్డను ఎంతెంత మాటలంటిని!"

"ఏడవద్దత్తా. నా మీద నింద పోయింది సరే. డీజిల్ యాడికి పోతా ఉండాదో తేలలేదు గదా!"

కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ రాహేలమ్మ కాళ్ళు రుద్దుకుంది. "ఏందో అమ్మి, పాదాలు కట్టెలైపోయినాయి. వాడు నడిపేటప్పుడు ఈడ కూర్చుంటే ఇంజను సెగకు కాళ్ళు పైకి పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఇంత దూరమొచ్చినా వేడే తగల్లేదే!"

జెస్సికా చటుక్కున డ్యాష్‌బోర్డు వైపు చూసింది. ఇంజను వేడి చూపే ముల్లు అట్టడుగునే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని చూసి, తన చేతిలో ఇంజను చల్లగా ఉందని మురిసిపోయింది తను! అంత దూరం నడిచిన ఇంజను ఎందుకు వేడెక్కలేదు? ఎందుకు...?

నేరుగా మెకానిక్ చెంచురామయ్య షెడ్డుకు పోనిచ్చింది. ఆయన గొట్టం విప్పి లోపలికి చూపించాడు.

"ఈడ థర్మోస్టాట్ వాల్వు ఉండాలమ్మా. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనీకుండా ఆపతాది. అది లేకుంటే ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉంటాది, డీజిల్ ఎక్కువ తాగతాది. ఎండల్లో అంతగా తెలియదు. చలి పడితే బయటపడతాది."

"ఎవరు తీసినారు?"

"నేనే. మొన్న ఎండాకాలంలో బండి హీటెక్కతా ఉంటే, రేడియేటర్ కడిగే టైం లేదు, వాల్వు పీకెయ్యమన్నాడు డేవిడ్‌రాజు. చలి రాకముందే తిరిగి వేయించుకో, లేకుంటే మైలేజీ పడిపోతాదని అప్పుడే చెప్పినా. నీకు చెప్పలేదా?"

అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయితే... అతనికి తెలుసు! తల్లి అన్నన్ని మాటలంటున్నప్పుడూ తెలుసు!

రేడియేటర్ కడిగించి, కొత్త వాల్వు వేయించుకుని తిరిగి వస్తుంటే ముల్లు మెల్లగా లేచి మధ్యలో నిలిచింది.

ఇల్లు చేరగానే రాహేలమ్మ కొడుకు ముందు నిలబడింది.

"వాల్వు సంగతి నీకు తెలుసా, తెలియదా? నా కళ్ళలోకి చూసి చెప్పరా!"

డేవిడ్‌రాజు తల పైకెత్తలేదు. "తెలుసమ్మా... కారు స్టార్టయి వీధి మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వింటా ఉంటాను. నేను కూర్చోవాల్సిన సీటది! నాకంటే బాగా నడపతాదని అందరూ అంటా ఉండారు. మైలేజీ తగ్గిందని నువ్వు అంటే... నేనే మేలని అనిపించింది. అంతే. నువ్వు ఇంత మాట అంటావనుకోలేదు. అన్నాక నోరు పెగల్లేదు..."

"పెగలాల్సింది!" అంది జెస్సికా. "కాలు విరిగిందని నిన్ను ఒక్క పూటైనా తక్కువ చేసినానా? నీ కాలుగా నేను నిలబడితే, నా తరఫున నీ నోరు లేవలేదే!"

డేవిడ్‌రాజు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. రాహేలమ్మ కొడుకు వైపు పోలేదు. కోడలిని దగ్గరకు తీసుకుని తల నిమిరింది.

జెస్సికా కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలియనివి ఇంకా ఉండాయి ఆ బండిలో. ముల్లు కిందుంటే మంచిదనుకున్నాను చూడు! నువ్వు పక్కన కూర్చుని చెప్పు. నేర్చుకుంటా. కానీ ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ దాచొద్దు."

అతను జవాబు చెప్పే లోపే గడప బయట దగ్గు వినిపించింది. గొర్రెలు కాసే పెంచలనరసయ్య తలగుడ్డ సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు.

"డేవిడ్‌రాజా! మా కోడలికి నెలలు నిండినాయి. రేపు పొద్దున్నే ఆత్మకూరు ఆస్పత్రికి నీ కారు కావల్ల నాయనా!"

డేవిడ్‌రాజు ముఖం తుడుచుకున్నాడు. గోడ పట్టుకుని, నొప్పిని దిగమింగుతూ లేచి నిలబడ్డాడు. వీధిలో పోయేవాళ్లకు కూడా వినబడేటట్టు చెప్పాడు.

"నా కారు కాదు పెద్దయ్యా... జెస్సికా కారు! ఆమెనడుగు, రేపు ఖాళీ ఉండాదో లేదో!"